ఆకుపచ్చ సైకిలు, పసుపు రింగు పక్షి

పెళ్ళయిన రెండో నెల, ఓ మంగళవారం పొద్దున్న వీబె వేసుకున్న పథకం చాలా చిన్నది: ఆఫీసుకి వెళ్తూ హార్లింగెన్ రేవులో ఉల్లిపాయ ముక్కలు అద్దిన ఒక్క పచ్చి హెరింగ్ చేప తిని, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోవడం.

ఎందుకంటే ఇంట్లో చేప నిషేధం. "పక్షుల నోటికాడ కూడు లాక్కునే మనిషితో కాపురం చెయ్యలేను" అని నింకె ముందే తేల్చేసింది. ఇద్దరూ ఒట్టేసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి ఎక్కడ వింత సముద్రపక్షి కనబడినా ఫోటో తీసి నింకె నడిపే ఫేస్‌బుక్ పేజీలో పెడతారు. ఆమె మ్యాపు మీద చుక్క పెడుతుంది.

వీబె తోక పట్టుకుని చేపను పైకెత్తి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచాడో లేదో, కాలికి పక్షుల వాళ్ళు గుర్తుగా తొడిగిన పసుపు రింగున్న సీగల్ పక్షి ఒకటి సగం ఎగరేసుకుపోయింది. అంతటితో పోతే బాగుండేది. వెంటబడి వచ్చి అతని ఆకుపచ్చ సైకిలు హ్యాండిల్ మీద కూర్చుంది. ఎవరో ఫోటో తీసి పేజీలో పెట్టారు.

"వీబె, చూడు! ఎంత ముద్దుగా కూర్చుందో! ఆ సైకిలు అచ్చం మనదే కదూ?" అంది నింకె ఆ సాయంత్రం. పెళ్ళికి మేనత్త ఇద్దరికీ ఒకే రంగు వేయించి ఇచ్చిన జంట సైకిళ్ళు అవి.

"ఊళ్ళో ఆకుపచ్చ సైకిళ్ళకి కరువా?" అన్నాడు వీబె.

మర్నాడు భయపడి, సముద్రానికి దూరంగా ఫ్రానెకర్ బజారుకి పోయి తిన్నాడు. పక్షి కూడా వచ్చింది. మ్యాపు మీద చుక్క తీరం వదిలి లోపలికి జరిగేసరికి పేజీ అట్టుడికిపోయింది. తుఫాను అన్నారు, జబ్బన్నారు, భూమి వేడెక్కిందన్నారు. గురువారానికి బజారు నిండా దుర్భిణీలు. వీబె చేపల బండి వెనక నక్కి తింటుంటే బండి యజమాని ఖెర్బెన్ అడిగాడు:

"ఏం బాబూ, ఆ పక్షి మీ అత్తగారి తరఫా?"

"నా ఖర్మ తరఫు."

"ఆదివారం పక్షుల ప్రొఫెసర్ మనింటికి వస్తున్నారు! నా చుక్కలు చూడ్డానికి!" అంటూ నింకె ఆ రాత్రి అతని మెడ చుట్టూ చేతులు వేసి ఊగిపోయింది. వీబెకి ఆ చేతులు ఇక ఎన్నాళ్ళో అనిపించింది.

శనివారం జ్వరమని ముసుగుతన్నాడు. తను కదలకపోతే పక్షీ కదలదు. నింకె పక్షుల వాళ్ళ సమావేశమని లేవార్డెన్ వెళ్ళింది. మధ్యాహ్నం ఫోను మోగింది. పేజీలో కొత్త ఫోటో: లేవార్డెన్ బజారు, ఆకుపచ్చ సైకిలు, సీటు మీద పసుపు రింగు పక్షి.

వీబె కిటికీలోంచి చూశాడు. అతని సైకిలు గోడకి ఆనించే ఉంది.

ఫోటోని పెద్దది చేశాడు. సైకిలు వెనక ఒక ఆడమనిషి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, పరమానందంగా. నోట్లోంచి చేప తోక వేలాడుతోంది.

సాయంత్రం నింకె గుమ్మంలోనే ఆగిపోయింది. ఉల్లిపాయ వాసన ఆమెకన్నా ముందే లోపలికొచ్చింది.

"చూశావా?"

"చూశాను. నేనూ..."

"తెలుసు. నీ చొక్కాలు ఉతికేది ఎవరనుకున్నావ్?" అని ఏడుపూ నవ్వూ కలిపేసింది. "రేపు ప్రొఫెసర్‌కి ఏం చెప్పను వీబె?"

ఆదివారం ఆ ఇంట్లో చేపలు వేగాయి. ప్రొఫెసర్ రెండు తిన్నారు. పక్షి వంటింటి కిటికీ వదల్లేదు.

ఆ రోజు పేజీలో ఒకే ముక్క ఉంది: "అసాధారణ కదలికలేమీ లేవు."