గంగాళం ఎక్కిన చరిత్ర

హంపమ్మ సంచి సర్దుతోంది. రెండు పంచెలు, దుప్పటి, ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి. మొగుడు కంబన్న సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి, పోతున్నాడు. వాన మొహం చాటేసిన ప్రతి ఏడూ ఆలూరు చుట్టుపక్కల సగం జనం పోతారు. పోయినవాళ్లు తిరిగొస్తారని ఎక్కడా రాసిలేదు. అందుకే ఆమె ఒక్కో రొట్టె పెట్టి, తీసి, మళ్లీ పెడుతోంది.

అంతలో వీధిలోకి మైకు ఆటో వచ్చింది. ఆసియా ఖండపు అంతర్జాతీయ కెనోయింగ్ పోటీలు ఈసారి ఇక్కడే జరిపించాలని గౌరవనీయులైన క్రీడల మంత్రిగారు సంకల్పించారట. కెనో అంటే సన్నని పడవ. ఊరికి తాగే నీళ్లు వారానికోసారి ట్యాంకరులో వస్తాయి. ఇంత చిన్న అడ్డంకికి జంకే మనిషి కాదాయన.

"నీళ్ల సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. మనకు కావలసింది చరిత్ర," అన్నాడు క్రీడాధికారి గోపీనాథ్, బడి వరండాలో కుర్చీ వేసుకుని. పోటీలు మనకే ఇమ్మని పంపే దరఖాస్తులో 'గతంలో ఈ ప్రాంతంలో జరిగిన అంతర్జాతీయ పోటీలు' అని ఒక గడి ఉందట. తక్కిన దేశాలు పేజీలకు పేజీలు నింపాయట. మన గడి ఖాళీగా పోవడం మంత్రిగారికి నామోషీ. ఆ పోటీల్లో దిగినవాళ్లు ఎవరైనా బతికుంటే, కట్టబోయే అకాడమీలో వాచ్‌మన్ ఉద్యోగం. సొంతూళ్లోనే.

హంపమ్మ సంచి వదిలేసి బడికి నడిచింది.

"సారూ, మా పదేండ్లప్పుడు వంక శానా పారింది. బళ్లారి ఆస్పత్రి దొర అవతల గట్టున చిక్కుకుంటే, పెండ్లి గంగాళంలో కూర్చోబెట్టి దాటించినారు."

"దొరది ఏ దేశం?"

"ఎర్రగా ఉండె."

"ఐరోపా," అని రాసుకున్నాడు గోపీనాథ్. "పోటీ అంటే ఇద్దరుండాలి కదవ్వా?"

"ఇంకో గంగాళం గూడా ఉండె. దాంట్లో..." హంపమ్మ ఆగింది. దాంట్లో ఉన్నది పక్కింటి మారెన్న వాళ్ల మేక. "దాంట్లో మా ఇంటాయన ఉండె."

"ఎవరు ముందొచ్చారు?"

"మా ఇంటాయనే." మేక ముందొచ్చిన మాట నిజమే.

"స్వర్ణం," అన్నాడు గోపీనాథ్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఇంట్లో కంబన్న నెత్తి కొట్టుకున్నాడు. "నేను యాడ ఎక్కినానే? గట్టున నిలబడి ఏడుస్తాంటి కదా."

"ఎక్కినావు. ఈడనే ఉండాలంటే ఎక్కినావు."

జనవరిలో బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. 'ఆసియా తొలి కెనో ఛాంపియన్ కంబన్న.' అన్నం గిన్నెను పడవ చేసిన జాతి మనదని మంత్రిగారు గద్గద స్వరంతో ప్రసంగించారు. ఊరి గంగాళాన్ని అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ నెల పెండ్లిళ్లకు అన్నం చిన్న చిన్న దబర గిన్నెల్లో వండుకున్నారు. పోటీల కోసం జేసీబీతో పెద్ద గుంత తవ్వి, దానికి కంబన్నను కాపలా పెట్టారు. ఎవరైనా మునిగితే విజిల్ ఊదడం ఆయన పని. ఎండిన గుంత చుట్టూ రెండు నెలలు ఆయన శ్రద్ధగా తిరిగాడు. హంపమ్మ రెండు నెలలూ కంటినిండా నిద్రపోయింది.

మార్చిలో ఖండ స్థాయి కమిటీ దిగింది. గడి చదివి ముగ్ధులైపోయి, ఛాంపియన్ ప్రదర్శన చూస్తామన్నారు. గుంతలో నీళ్లు లేవు కనుక గంగాళాన్నీ కంబన్ననూ కృష్ణ మీది డ్యాముకు తీసుకుపోవాలని నిర్ణయమైంది.

"నాకు ఈత రాదు సారూ," అన్నాడు కంబన్న.

"దరఖాస్తులో ఈతకు గడి లేదప్పా," అన్నాడు గోపీనాథ్.

హంపమ్మ జీపుకు అడ్డంపడింది. "సారూ, అది మేక సారూ. గంగాళంలో ఉన్నది మేక."

"అవ్వా, ప్రభుత్వ రికార్డులోకి ఎక్కినాక అది మేక కాదు."

జీపు ముందు సీట్లో ఉన్న మంత్రిగారు ఆమెను చూసి ముచ్చటపడ్డారు. "భర్త ఘనతను ఎంత దాచుకుంటున్నారో చూడండి. ఈ వినయమే మన సంస్కృతి." అందరూ చప్పట్లు కొట్టారు. జీపు కదిలింది.

ప్రదర్శన చరిత్రాత్మకంగా సాగిందని మరునాటి పత్రికల్లో వచ్చింది. గంగాళాన్ని గజ ఈతగాళ్లు రెండో రోజుకు బయటికి తీశారు. పోటీలు నీళ్ల సదుపాయం దృష్ట్యా వేరే దేశానికి మారాయి.

ఆ ఏడు సుగ్గికి పోయినవాళ్లు నలభై ముగ్గురూ ఉగాదికి ఇల్లు చేరారు. కంబన్న రాలేదు. ఆయన పోయింది 2024 మార్చి 9, శనివారం.