మూడో పంక్చర్

ఆ సోమవారం బాపురావు ఏడున్నరకే సైకిలెక్కాడు. తొమ్మిదికి బోధన్‌లో రైస్ మిల్లు తాళం తీయాలి. రెంజల్ దగ్గరి తన ఊరి నుంచి గంట తొక్కుడు. ఎంత నెమ్మదిగా పోయినా ముందే చేరతానని ధీమాగా బయల్దేరాడు. ధీమా అవసరమే. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు పంక్చరై ఆలస్యమైంది. రెండోసారి మిల్లు యజమానురాలు సుమిత్రమ్మ అరవలేదు, తిట్టలేదు. "ఇంకొక్కపారి పంక్చరని వస్తే అట్లనే ఇంటికి పో, మల్ల రాకు," అన్నది, అంతే. నలభై ఎనిమిదేళ్ల గుమాస్తాను కొత్తగా ఎవరు పెట్టుకుంటారు?

అయినా తుమ్మ ముల్లుకు ఇవన్నీ ఎవరు చెప్తారు? కాలువ దాటగానే వెనక చక్రంలో దిగింది. దారిలో దొరికిన రెండు పంక్చర్ దుకాణాల్లోనూ మోటార్ సైకిళ్లకే వేస్తామన్నారు. సైకిల్‌ను ఒక రోగాన్ని చూసినట్టు చూశారు. చెరకు ట్రాక్టర్ల వెనక దుమ్ము తింటూ బాపురావు బోధన్ దాకా తోసుకుంటూ నడిచాడు. మధ్యలో చెప్పు తెగింది. మిల్లు చేరేసరికి పది దాటింది.

గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న సుమిత్రమ్మ అతన్ని పైనుంచి కిందకు చూసింది. ఒట్టి కాళ్లు, దుమ్ముకొట్టుకున్న తల, ఎర్రబడ్డ కళ్లు. ఆమె మొహం మెత్తబడింది.

"ఎవరన్న పోయిండ్రా బాపురావు?"

బాపురావు అవుననలేదు, కాదనలేదు. తల వంచుకున్నాడు. తల వంచుకుంటే మన దగ్గర అవుననే అర్థం.

"ఎవరు?"

"మా చిన్నబాపు," అన్నది అతని నోరు, అతన్ని అడక్కుండానే.

చిన్నబాపు అంటే ఆశన్న, తండ్రికి తమ్ముడు. తండ్రి పోయాక బాపురావును పెంచింది ఆయనే. పిల్లల్లేరు. ఆ పొద్దున సైకిల్‌కు గాలి కొట్టి పంపింది కూడా ఆయనే.

"కొడుకులున్నరా ఆయనకు?"

"లేరమ్మా."

"మరి తలకొరివి ఎవలు వెట్టిండ్రు?"

"నేనే."

సుమిత్రమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. మైలతో మిల్లులో అడుగు పెట్టొద్దని, పది రోజులు గడిచాక గుండు చేయించుకుని రమ్మని చెప్పింది. పాపం, జీతం కూడా కోయనన్నది. ఉద్యోగం నిలిచింది. మనిషే పోయాడు.

ఇంటికొచ్చి బాపురావు భార్య పుష్పలతకు చెప్పాడు. బతికున్న మనిషిని నోటితో చంపావని ఆమె ఏడ్చింది. చచ్చాడన్న మాట పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా అని తర్వాత తనే సర్దిచెప్పుకుంది. ఆశన్నకు మాత్రం తెలియనివ్వలేదు. ఆయన రోజూ పొద్దున్నే సైకిల్‌కు గాలి కొట్టేవాడు. బాపురావు టిఫిన్ డబ్బా తగిలించుకుని బయల్దేరి, చెరకు చేను గట్టున సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవాడు. ఆ డబ్బా విప్పాలంటేనే సిగ్గేసేది.

పదో రోజు బోధన్‌లోనే గుండు చేయించుకున్నాడు. బాసర మొక్కు తీర్చానని ఇంట్లో చెప్పాలనుకున్నాడు. తీరా ఇల్లు చేరేసరికి వాకిట్లో సుమిత్రమ్మ కారు ఉంది. ఆమె ఎంత కఠినురాలైనా చావింటి మర్యాదల్లో ఎవరూ వంక పెట్టలేరు. కర్మ చేసినవాడికి పెట్టడానికి కొత్త పంచె, తువ్వాల తెచ్చి అరుగు మీద కూర్చుంది. ఎదురుగా మంచం మీద ఆశన్న ఉన్నాడు.

"పోయినాయన మీకేమైతడు?" అని అడుగుతోంది.

బాపురావు కారు పక్కనే ఆగిపోయాడు. ఆశన్న ఆమెను చూశాడు, కొత్త బట్టలను చూశాడు, వాకిట్లో నిలబడ్డ గుండును చూశాడు. దాన్ని చాలాసేపు చూశాడు.

"దోస్తమ్మా," అన్నాడు చివరికి. "చిన్నప్పటి సంది ఒక్కతాన్నే పెరిగినం. మంచోడు. ఎవ్వల జోలికి పోలె."

అంటూనే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. సుమిత్రమ్మ ఓదార్చింది, తనూ కళ్లొత్తుకుంది. బట్టలు పెట్టి, రేపు తొమ్మిదికి రమ్మని బాపురావుకు చెప్పి వెళ్లింది.

కారు మలుపు తిరిగాక బాపురావు జరిగింది చెప్పాడు. ఆశన్న విని అడిగాడు. "పంక్చరైందంటే అయిపోవు గదరా?"

"నమ్మరు చిన్నబాపు."

"సావంటే నమ్ముతరా?"

"నమ్ముతరు."

 ఆశన్న కొత్త తువ్వాల తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

ఆయుష్షు పెరుగుతుందన్న మాట నలభై రోజులు నిలిచింది. ఒక పొద్దున సైకిల్‌కు గాలి కొడుతూ కొడుతూ ఆశన్న దాని పక్కనే కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. టైరు సగమే నిండింది. బాపురావు పంపు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మంగలి వచ్చి, అతని తలమీద వేలెడు కూడా లేని వెంట్రుకలు చూసి, ఏం గీకాలో తెలియక నిలబడ్డాడు.

తొమ్మిదవుతోంది. బాపురావు పెరట్లోకి వెళ్లి సుమిత్రమ్మకు ఫోన్ చేశాడు. చిన్నబాపు పోయాడని చెప్పడానికి లేదు, ఆమె లెక్కలో ఆయన ఎప్పుడో పోయాడు, మంచం మీద చూసినాయన ఒట్టి దోస్తు. ఇంకొకరిని చంపడానికి నోరు రాలేదు.

"సైకిల్ పంక్చరైందమ్మా. ఇయ్యాల రాను."



"బాపురావు, నిజం చెప్పు. ఇంట్ల సావైందన్ననాడు నేను కాదన్ననా? నిజమైతే ఎన్నొద్దులన్నా సెలవిస్త. పంక్చరంటే మాత్రం రేపటి సంది రాకు."

 బాపురావు దగ్గరున్నది ఒక్కటే నిజం, దాన్ని నలభై రోజుల కిందటే వాడేసుకున్నాడు.