ఆయన పన్ను

ఆ రోజు పొద్దున్న డాక్టరమ్మ పెట్టుకున్న పని చిన్నదే: ఎలుగుబంటికి మత్తివ్వడం, పుచ్చుపన్ను పీకడం, పాసవడం. వన్యప్రాణుల వైద్యంలో రెండేళ్ళ శిక్షణకు అదే ఆఖరి పరీక్ష. తప్పితే ఇంకో ఏడాది. పైగా ఆ ముసలి ఎలుగు నొప్పితో తిండి మానేసి నాలుగు రోజులైంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. జూలో కాపరి తాత ఆ ఎలుగుని పదిహేనేళ్ళుగా సాకుతున్నాడు. దాన్ని ఎవరైనా "అది" అన్నారో, అయిపోయారే! తాతకి మాత్రం "ఆయన".

మత్తెక్కింది. పరీక్ష పెడుతున్న ప్రొఫెసరు ఎక్స్‌రే కోసం పక్కగదిలోకి వెళ్ళారు. బల్లమీద వదిలేసిన ఫోను మోగితే తాత ఎత్తాడు. అవతల ప్రొఫెసరు భార్య. ఆవిడకూ భర్త ఎప్పుడూ "ఆయనే".

"ఆయనేం చేస్తున్నారు?"

"పడుకున్నారమ్మా. సూదేశాం. ఇప్పుడు పన్ను పీకుతారు."

ఆవిడ ఫోను రెండో చెవికి మార్చుకుంది. మొగుడు నెల్లాళ్ళుగా పంటినొప్పితో మూలుగుతూ, పళ్ళ డాక్టరంటే మాత్రం ఆమడదూరం పరిగెడుతున్నాడు మరి.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోవడమా! నలుగురం పట్టి బల్లెక్కించాం. కాళ్ళు కూడా కట్టేశాం."

"మంచి పని చేశారు బాబూ! ఇంతకీ పీకేదెవరు?"

"మన డాక్టరమ్మే. నేర్చుకుంటోంది."

"నేర్చుకుంటోందా!" ఆవిడ ఫోను పెట్టేసి, పళ్ళ డాక్టరైన తమ్ముణ్ణి తరిమింది. "మీ బావ నోట్లో పిల్లలు పాఠాలు నేర్చుకుంటున్నార్రా, పరిగెత్తు!"

ఈలోగా ఇక్కడ పన్ను సగానికి విరిగింది. వేరు లోపలే ఉండిపోయింది. ఉన్న పట్టకార్లేవీ అందుకోలేకపోతున్నాయి. మత్తు ఇంకో అరగంటే. తిరిగొచ్చిన ప్రొఫెసరు గడియారం చూస్తున్నారు, చెయ్యి వెయ్యడానికి పరీక్ష నియమం ఒప్పుకోదు. డాక్టరమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

తలుపు దభాలున తెరుచుకుంది. "మా బావగారేరీ?" పళ్ళ పనిముట్ల సంచీతో వగరుస్తూ తమ్ముడు.

బల్లమీద ఎలుగు, పక్కన నిక్షేపంలా బావ! తమ్ముడు తేరుకునేలోపు డాక్టరమ్మ కళ్ళు అతని సంచీ మీద పడ్డాయి.

"సార్, సాయం అడగొచ్చా?"

"రోగి కోసం అడగడం కూడా చదువేనమ్మా," అన్నారు ప్రొఫెసరు.

ఇద్దరూ కలిసి ఇరవై నిమిషాల్లో వేరు లాగేశారు. మధ్యాహ్నానికి ఎలుగు లేచి గిన్నె నాకింది. తాత ఆ పళ్ళ డాక్టరు చేతులు పట్టుకుని వదల్లేదు. "ఆయన్ని బతికించారు బాబూ, చల్లగా ఉండండి!"

"మీరు రాకపోతే ఏమైపోయేదాన్నో! మీ మేలు మర్చిపోలేనండీ," అంది డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"దానికేముందమ్మా! నాకూ ఓ చిన్న సాయం చెయ్యండి. మా బావగారిని కాస్త పట్టుకోండి."

ఎలుగుని బల్లెక్కించిన నలుగురూ నిండు కృతజ్ఞతతో పట్టుకున్నారు.

సాయంత్రం నోరు తిమ్మిరెక్కి ఉండడంతో, ప్రొఫెసరు తన ఉద్యోగంలో మొదటిసారి ఒక విద్యార్థిని తిట్టకుండా పాస్ చేశారు.