అత్తగారి విడుదల సొమ్ము

ఇకపై ఈ దేశంలో అక్రమ సొమ్ము ఒక్క ఇటుకలోకి కూడా చొరబడజాలదని గృహనిర్మాణ మంత్రిగారు ప్రకటించారు. ప్రభుత్వ బ్యాంకులో కొత్త లోను విభాగానికి రిబ్బను కత్తిరించి, ఆ కత్తెర చేతిలో పట్టుకునే గంటసేపు మాట్లాడారు. ఇల్లు కొనుక్కునేవాడి ఖాతాలోకి వచ్చిన ప్రతి చిల్లర జమా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవలసిందేనన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఒక సిటీ బస్సు డ్రైవరు. జన్మలో అక్రమ సొమ్ము మొహం చూసి ఎరగడు గనక అతనికి దిగులేమీ లేకపోయింది.

డ్రైవరు కుటుంబం పన్నెండేళ్లుగా ఒకే గదిలో అద్దెకుంటోంది. అందులో సగం భార్య కుట్టుమిషనుది, మిగతా సగం అత్తగారి మంచానిది. డ్రైవరూ కూతురూ దొరికిన సందులో సర్దుకునేవారు. ఈలోగా అతను నడిపే బస్సు ఆఖరి స్టాపు దగ్గర రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికొచ్చింది. భార్య వెళ్లి కిటికీ దగ్గర నిలబడి, మిషను ఇక్కడ వేసుకుంటే పగలు లైటుతో పనే లేదంది. పెళ్లయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది ఆ కిటికీ ఒక్కటే. డ్రైవరు వెనకాముందూ చూడకుండా బయానా ఇచ్చేశాడు. నెలాఖరులోగా మిగతాది కట్టకపోతే ఇంకొకరికి అమ్మేస్తానని యజమాని ముందే చెప్పాడు.

మిగతా సొమ్ముకి ఆ కొత్త లోను విభాగంలోనే అర్జీ పెట్టాడు. అక్కడి లోను ఆఫీసరు లాంటి అధికారి దొరకడం ఏ బ్యాంకుకైనా అదృష్టమే. పెద్ద అంకెలకి అబద్ధమాడే ఓపిక ఉండదు, చిన్నవే మాయదారివి అన్నది ఆయన సిద్ధాంతం. డ్రైవరు జీతం వైపు కన్నెత్తి కూడా చూడకుండా ఆకుపచ్చ పెన్ను తీసి, కిందటి నెల స్టేట్‌మెంటులో చిన్న జమలన్నిటి చుట్టూ సున్నాలు చుట్టాడు.

మొదటి ఏడు సున్నాలూ టీ డబ్బులు. డిపో ఎదురు కొట్టులో అందరి టీలకీ నెలకోసారి డ్రైవరే కట్టేవాడు, తోటి డ్రైవర్లు ఏడుగురూ ఎవరి వాటా వాళ్లు పంపేవారు. ఏడుగురూ టీ తాగినట్టు సంతకాలతో కాగితాలు తెమ్మన్నాడు ఆఫీసరు. ఆరుగురు అలాగే రాసిచ్చారు. ఏడోవాడు కాస్త సత్యసంధుడు, తాను తాగింది కాఫీ అని రాశాడు. ఆ జమ మీద విడిగా నాలుగురోజులు విచారణ నడిచింది.

అసలు చిక్కు ఎనిమిదో సున్నా దగ్గరొచ్చింది. డ్రైవరు బావమరిది అదే ఊళ్లో ఇంకో పేటలో ఉంటాడు. తల్లి మందుల ఖర్చులో తన వాటాగా నెలనెలా మూడొందలు పంపుతాడు. బావని ఆటపట్టించకపోతే వాడికి తిన్నది అరగదు. డబ్బు పంపేటప్పుడు ఫోనులో వివరం రాయడానికి చిన్న గడి ఉంటుంది కదా, అందులో ‘అమ్మ విడుదల సొమ్ము, నాలుగో విడత’ అని రాసి పెట్టాడు.

“ఈమెను మీరు ఎప్పటినుంచి బంధించారు?” అని అడిగాడు ఆఫీసరు.

“ఆవిడ మా అత్తగారు సార్. వాడు నా బావమరిది. వేళాకోళానికి రాశాడు.”

“వేళాకోళానికి మా ఫారంలో గడి లేదు,” అన్నాడు ఆఫీసరు ఎంతో విచారంగా.

ఆ సాయంత్రం భార్య తమ్ముడికి ఫోను చేసి నాలుగు వడ్డించింది. వాడు పశ్చాత్తాపపడి వెంటనే ఇంకో యాభై పంపాడు, ‘తప్పయింది బావా, ఇక నోరు విప్పను’ అని రాసి మరీ. మర్నాడు ఆఫీసరు దాని చుట్టూ రెండు సున్నాలు చుట్టి, ఏ విషయంలో నోరు విప్పడో రాతపూర్వకంగా తెలపమన్నాడు.

ఇక లాభం లేదని డ్రైవరు సెలవు పెట్టి అత్తగారిని బ్యాంకుకి తీసుకెళ్లాడు. ఆఫీసరు లేచి నిలబడి ఆవిడకి కుర్చీ వేయించాడు. అల్లుడింట్లో మీరు ఇష్టపూర్వకంగానే ఉంటున్నారా అని మర్యాదగా అడిగాడు. పన్నెండేళ్లలో ఆవిడని ఈ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

“అల్లుడింట్లో ఇష్టపడి ఎవరుంటారు నాయనా? కొడుకు తీసుకెళ్లడు, అల్లుడు పంపడు,” అందావిడ.

ఆఫీసరు అల్లుడు పంపడన్న మాట మాత్రమే రాసుకుని కింద గీత గీశాడు. ఆవిడ స్వేచ్ఛాజీవి అని రుజువు కావాలంటే మూడురోజులు కొడుకింట్లో ఉండి రావాలని తేల్చాడు. ఆవిడ పెట్టె సర్దుకుని వెళ్లింది. రెండోరోజుకే బావమరిది, తల్లిని వెనక్కి తీసుకెళ్లమని బావ కాళ్లావేళ్లా పడ్డాడు. మూడోరోజు తల్లిని ఆటో ఎక్కించి, ఆటో డబ్బులు బావ ఖాతాలో వేశాడు. బుద్ధొచ్చింది గనక ఈసారి గడిలో ఒక్క ముక్క కూడా రాయలేదు.

“ఏమీ రాయలేదేం?” అన్నాడు ఆఫీసరు, కళ్లజోడు సవరించుకుంటూ. “ఏం దాస్తున్నారు?”

దానికి ఆటోవాడి వాంగ్మూలం కావలసొచ్చింది. అతన్ని వెతికి పట్టుకునేసరికి నెల దాటి రెండురోజులైంది. అయితేనేం, ధర్మం గెలిచింది. ఆఫీసరు లోను మంజూరు చేసి, డ్రైవరు చెయ్యి పట్టుకుని ఊపి, మీలాంటి కడిగిన ముత్యాల కోసమే ఈ విభాగం వెలిసిందన్నాడు. డ్రైవరు ఆ కాగితంతో పరుగున ఇంటి యజమాని దగ్గరికెళ్లాడు.

ఇల్లు నెలాఖరు రోజునే అమ్ముడైపోయింది. ఎవరో పెద్దమనిషి రెండు సూట్‌కేసులతో వచ్చి మొత్తం నగదుగా ఇచ్చాడట. లోను అక్కర్లేదు గనక ఫారం లేదు, సున్నాలు లేవు. అరగంటలో రిజిస్ట్రేషను ముగిసింది. ఇంట్లోకి కూడా తొంగిచూడలేదట, ఆ వీధిలో ఆయనకది పదకొండో ఇల్లు.

ఈ సంగతి విని భార్య పట్టపగలే లైటు వేసుకుని మిషను ముందు కూర్చుంది. అది చూసి డ్రైవరుకి ఏడుపొచ్చినంత పనయింది. రెండురోజులు ఆలోచించి ఆ పెద్దమనిషి దగ్గరికే వెళ్లి, ఆ ఇల్లు అద్దెకైనా ఇప్పించమని బతిమాలాడు. ఆయన మనసు వెన్న, వెంటనే ఒప్పుకున్నాడు. అద్దె లెక్కవేస్తే బ్యాంకు వాయిదా కంటే కాస్త ఎక్కువే తేలింది. భార్య మిషను కిటికీ దగ్గరికి చేరింది. మొదటి నెల అద్దె పంపుదామని ఖాతా నంబరు అడిగితే, పెద్దమనిషి కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

“బ్యాంకులో వేయకయ్యా, చేతికే తెచ్చివ్వు,” అన్నాడు. “చిన్న మొత్తాలంటే వాళ్లు ఊరుకోరు.”