తబ్రేజ్ కోడ్ బజారుకెక్కిన రోజు

ఆ ఉదయం తబ్రేజ్ పథకం చాలా చిన్నది. చాయ్ తాగి, అమీర్‌పేట ఆఫీసు నుంచి పంజాగుట్ట వెళ్లి, జానకీదేవి గారి చేత మరో ఏడాదికి సరే అనిపించుకోవాలి. ఆవిడ రక్తపరీక్షల ల్యాబుల్లో నడిచేది తబ్రేజ్ కంపెనీ సాఫ్ట్‌వేరే. ఆవిడ వద్దంటే ఆఫీసుకు తాళం, తబ్రేజ్ ఉద్యోగానికి మంగళం.

చాయ్ సగంలో ఉండగానే పక్క సీటు నవీన కేకేసింది. "భాయ్, మనం వాడే ఫ్రీ డేటాబేస్ లైసెన్స్ మార్చిండ్రంట! దాంతోని వేరేటోళ్లకు సర్వీసిస్తే మన కోడ్ సుత అందరికీ చూపియ్యాల్నంట."

యజమాని రాజనర్సయ్యకు కోర్టు నోటీసంటే చచ్చేంత భయం. "పెట్టెయ్ బయట!" అన్నాడు.

"జర ఆగుండ్రి సార్, షరతులు మొత్తం చదువుత," అంది నవీన.

"చదువుడు తర్వాత. ముందుగాల పెట్టు."

తబ్రేజ్ కోడంతా ఇంటర్నెట్లో పెట్టాడు. రాజనర్సయ్య మురిసిపోయి, 'మా దగ్గర దాపరికాల్లేవు మేడమ్' అంటూ ఆ లింకు నేరుగా జానకీదేవి గారికే పంపాడు. అప్పుడు పడింది తబ్రేజ్ గుండెలో రాయి. కోడ్ మధ్యలో ప్రోగ్రామర్లు తమ కోసం వివరణలు రాసుకుంటారు. కంప్యూటర్ వాటిని పట్టించుకోదు. ఆ ధీమాతో తబ్రేజ్ మూడేళ్లుగా తన కడుపుమంటంతా అక్కడే కక్కాడు.

తీసేద్దామనుకునేలోపే జానకీదేవి గారి ఫోను. "ఇద్దరూ వెంటనే రండి."

మెట్రోలో ఉన్నది ఒక్క స్టేషను దూరమే. రాజనర్సయ్య ఫోన్లో ఆ రాతలు చదవడానికి అదే ఎక్కువైంది.

"'సార్‌కు కాదనుడు రాదు, సచ్చేది నేను.' గీ సార్ ఎవరు?"

"పాత కంపెనీ సార్, సార్."

"కింద పేరు సుత రాసినవ్ గదా. పాత కంపెనీల సుత రాజనర్సయ్యనేనా?"

పంజాగుట్టలో జానకీదేవి గారు కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు. "'ఈ రిపోర్టు ఎవ్వరూ చదవరు. మేడమ్ అడిగిందని రాసిన.' ఏంటి బాబూ ఇది?"

తబ్రేజ్ ఇంటికెళ్లి అమ్మీకి ఏం చెప్పాలో అప్పుడే ఆలోచిస్తున్నాడు.

"నిజమే, ఎవరూ చదవట్లేదు," అన్నారావిడ. "మీ సారేమో ఏమడిగినా బ్రహ్మాండం అంటారు. ఒక్కరైనా వద్దని చెప్పొద్దూ? ఎవరూ చదవని ఆ రిపోర్టులన్నీ తీసేయండి. మరో ఏడాది మీరే చేయండి. కానీ ఇకపై నాతో ఈ అబ్బాయే మాట్లాడాలి."

ప్రాణం లేచొచ్చి మెట్లు దిగుతుంటే నవీన ఫోను. "భాయ్, మొత్తం చదివిన. ఆ రూల్ కొత్త వెర్షన్‌కేనంట. మనది పాతది. కోడ్ బయట పెట్టే పనే లేకుండె."

ఆనాటి నుంచి రాజనర్సయ్య లైసెన్సులు చదివినా చదవకపోయినా, తబ్రేజ్ రాసే కోడ్ మాత్రం రోజూ చదువుతున్నాడు.