ఒకే శాఖ, ఒకే ఆరంభం

భవనాల శాఖలో ఇకమీదట ఏ అక్షరమూ తన ఇష్టం వచ్చినట్టు పుట్టడానికి వీల్లేదని మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. వెనక నిలబడి నేనూ రాసుకున్నాను, ఆ వాక్యం ఆయనకు రాసిచ్చింది నేనే అయినా.

విషయం ఏమిటంటే, మా శాఖ ఉత్తరాలన్నీ కంప్యూటర్లో ఒక ఎడిటర్‌ మీద టైపు చేస్తాం. అది తెరుచుకోగానే ముందు ఒక స్టార్టప్ ఫైలు చదువుకుంటుంది. అక్షరం ఎంత లావుండాలి, మార్జిన్ ఎంత వదలాలి, ఏ మీట నొక్కితే "తమ విధేయుడు" అని దానంతటదే పడాలి, అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. నలభై మంది గుమాస్తాలకు నలభై ఫైళ్లు. నాకొక్కడికే ఏడు. ఉత్తరాలకొకటి, ఉపన్యాసాలకొకటి, సంతాపాలకొకటి, సంజాయిషీలకొకటి, మంత్రిగారు మంచి మూడ్‌లో ఉన్నప్పుడొకటి, లేనప్పుడొకటి. ఏడోది, ఈ ఆరింటిలో ఏది ఎప్పుడు చదవాలో ఎడిటర్‌కు చెప్పేది.

ఈ ఏడింటినీ సాకడంలో పడి ఉత్తరాలు రాయడం నేను ఎప్పుడో తగ్గించేశాను. ఆఫీసులో నన్ను సెట్టింగుల సారు అంటారు. మొదట్లో అది గౌరవమనుకునేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

అందుచేత ఫైళ్లన్నిటినీ ఒక్కటిగా చేసే ఏకీకరణ కమిటీకి నన్నే కార్యదర్శిగా వేశారు. అధ్యక్షులు డైరెక్టరుగారు. ఆయన జీవితంలో ఒక్క అక్షరం టైపు చేయలేదు కాబట్టి ఏ ఫైలు మీదా పక్షపాతం ఉండదని మంత్రిగారి నమ్మకం.

ఆ మధ్యాహ్నమే అక్క వచ్చింది. మా అక్క రెండు వీధుల అవతలి బడికి ప్రధానోపాధ్యాయురాలు. మూడో తరగతి గది పైకప్పు బీటలు వారింది. గది ప్రభుత్వానిది. మా శాఖ నుంచి ఉత్తరం వెళ్లనిదే దాన్ని కూల్చకూడదు, ఖాళీ కూడా చేయకూడదు. కూల్చవచ్చని ఫైలు మీద సంతకాలన్నీ అయిపోయాయి. ఉత్తరం టైపు చేయడమే మిగిలింది.

"నాలుగు లైన్లేగా. కొట్టివ్వు, కూర్చుంటాను," అంది.

"ఇవాళే ఏకీకరణ మొదలైందక్కా. పాత ఫైళ్లతో కొడితే చెల్లదు."

"కొత్తది ఎప్పుడొస్తుంది?"

"రెండు రోజులు."

"పెచ్చులు ఊడుతున్నాయిరా. నిన్న ఒక పిల్ల జడలో సున్నం పడింది."

"రెండు రోజులంటున్నాగా," అన్నాను, పనిలో ఉన్నవాడు అనే పద్ధతిలో.

కమిటీ కూర్చుంది. తమ ఫైలు వదులుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. రికార్డుల సూపరింటెండెంటు తన మార్జిన్ జోలికొస్తే సెలవు పెడతానన్నాడు. టెండర్ల గుమాస్తా కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. చివరికి ఒక రాజీ కుదిరింది: ఏకీకృత ఫైలు తెరుచుకోగానే ముందుగా నలభై మంది ఫైళ్లనూ వరసగా చదవాలి. మర్నాడు మంత్రిగారి పేషీ నుంచి ఇంకో ఆదేశం వచ్చింది: క్రమశిక్షణ కోసం ప్రతి గుమాస్తా ఫైలూ తన మొదటి లైన్లో ఏకీకృత ఫైలును చదివిగానీ ముందుకు పోరాదు. రెండు ఉత్తర్వుల చిత్తులూ నేనే రాశాను. రెండిట్లోనూ భాష చాలా బాగా కుదిరింది.

గురువారం ప్రారంభోత్సవం. మంత్రిగారు మీట నొక్కారు. ఏకీకృత ఫైలు ఎడిటర్‌ను మొదటి గుమాస్తా ఫైలు దగ్గరికి పంపింది. ముందు ఏకీకృత ఫైలు చదివి రమ్మని అది వెనక్కి పంపింది. వెనక్కి వచ్చాక, ముందు మొదటి గుమాస్తా దగ్గరికి వెళ్లమని ఇది పంపింది. తెర మీద "చదువుతోంది" అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. అరగంట గడిచింది.

"ఏం చేస్తోంది?" అన్నారు మంత్రిగారు.

"చదువుతోంది సార్," అన్నారు డైరెక్టరుగారు.

"మన శాఖలో ఇంతసేపు చదివినవాళ్లు ఇంతవరకూ లేరు," అని మెచ్చుకుని మంత్రిగారు కారెక్కారు.

పదకొండు రోజులైనా అది చదువుతూనే ఉంది. ఈ కాలంలో శాఖ నుంచి ఒక్క తప్పు ఉత్తరం కూడా వెళ్లలేదని డైరెక్టరుగారు పైకి నివేదిక పంపారు. ఆ నివేదికను ఫోన్లో చదివి వినిపించారు, టైపు చేసే వీల్లేదు కాబట్టి.

అక్క మళ్లీ వచ్చింది.

"చేత్తో రాసివ్వరా."

"నంబరు పడదక్కా. నంబరు ఎడిటరే వేయాలి. నంబరు లేని ఉత్తరం చెల్లదు."

"పోనీ, ఏ ఫైలూ చదవకుండా తెరుచుకోదా అది?"

నేను తెర వైపు తిరిగాను. తెరుచుకుంటుంది. ఒక్క మీట పట్టుకుని తెరిస్తే చాలు. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. కానీ సెట్టింగుల సారు బోసి ఎడిటర్‌లో టైపు చేశాడని నలుగురికీ తెలిస్తే పరువేం కాను?

"పిల్లల్ని మూడు రోజుల్నుంచి వరండాలో కూర్చోబెడుతున్నాను," అంది అక్క. "రూలుకు విరుద్ధమని తెలుసు. ఏం చేయమంటావు?"

ఆమె వెళ్లాక నాకు సిగ్గేసింది. నంబరు సంగతి తర్వాత చూసుకుందామని తలుపు దగ్గరగా వేసి, ఏ ఫైలూ లేకుండా ఎడిటర్ తెరిచాను. "విషయం" అని కొట్టాను. అక్షరం కాస్త సన్నగా అనిపించింది. లావు చేశాను. లావు చేశాక లైన్ల మధ్య ఎడం చాలలేదు. ఎడం పెంచితే మార్జిన్ వికారంగా ఉంది. ఇవన్నీ సరిచేశాక, రేపు మళ్లీ చేయాల్సి రాకుండా ఒక చిన్న ఫైల్లో దాచుకుంటే మంచిదనిపించింది. వాచ్‌మన్ వచ్చి దీపాలు ఆర్పేవేళకు నా దగ్గర ఎనిమిదో ఫైలు తయారైంది. ఉత్తరంలో మాత్రం "విషయం" అనే ఉంది.

మర్నాడు పదిన్నరకు మూడో తరగతి పైకప్పు కూలింది. కబురు వినగానే బడికి పరిగెత్తుకుంటూ వెళ్లాను. ముప్పై ఇద్దరు పిల్లలూ వరండాలో ఉన్నారు. ఒక్కరికీ గీత పడలేదు. గదిలో బెంచీలు మాత్రం పుల్లలైపోయాయి. అక్క పిల్లల్ని మూడోసారి లెక్కపెడుతోంది. నన్ను చూసి లెక్క ఆపలేదు.

గంటలో మంత్రిగారు మైకుతో సహా వచ్చారు.

"ఉత్తర్వు అందకముందే కూల్చివేత పూర్తయింది," అన్నారు. "కూలీ లేదు, యంత్రం లేదు, జాప్యం లేదు. ఏకీకరణ అంటే ఇదీ."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. చేతులకు అలవాటు.

డైరెక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "ఈ గదిని అనుమతి లేకుండా ఖాళీ చేశారటగా?"

"అవును సార్. అందువల్లే పిల్లలు..."

"అది వేరే విషయం. ప్రధానోపాధ్యాయురాలికి సంజాయిషీ మెమో వెళ్లాలి. ఇవాళే వెళ్లాలి."

"ఆవిడ మా అక్క సార్."

"మరీ మంచిది. చిరునామా వెతుక్కోనక్కర్లేదు."

"ఎడిటర్ ఇంకా చదువుతోంది సార్."

"మీకు తెలియంది ఏముంది? ఏదోలా కానివ్వండి."

ఆఫీసుకు వెళ్లి ఏ ఫైలూ లేకుండా ఎడిటర్ తెరిచాను. అక్షరాలు సన్నగానే ఉన్నాయి. అలాగే కొట్టాను. నాలుగు లైన్లు. నంబరు సంగతి అడిగితే, డైరెక్టరుగారు జేబులోంచి పెన్ను తీసి తన చేత్తో వేశారు.

బడికి వెళ్లి మెమో ఇచ్చాను. అక్క వరండా గట్టు మీద కూర్చుని రెండుసార్లు చదివింది.

"ఇది కొట్టడానికి ఎంతసేపు పట్టిందిరా?"

"నాలుగు నిమిషాలు," అన్నాను.

అందినట్టు సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. చూపించాను.