ఏడిళ్లు తిరిగిన హోంవర్క్

సోమవారం పొద్దున వాన పడుతోంది. భూమికి దక్షిణపు కొసనున్న మా దీవిలో జూన్ అంటే నడి చలికాలం, ఆ నెలలో వాన పడని సోమవారం ఎవరికీ గుర్తు లేదు. ఇర్మా టీచరు తలుపు తీసి, ఇనప పొయ్యి వెలిగించి, చేతులు కాచుకుంటూ పిల్లల కోసం ఎదురుచూసింది. ఒకటో తరగతీ రెండో తరగతీ కలిపి పదకొండు మంది. తలో కట్టెముక్క చంకలో పెట్టుకుని, ముక్కులు కారుతూ ఒక్కొక్కరే వచ్చారు. తడిసిన మేజోళ్లు పొయ్యి మీది తాడుకి ఆరేశారు. ఆ బడిలో లెక్కలు అక్కడే మొదలవుతాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అని జతలు లెక్కపెట్టాలి. ఆ రోజు ఇరవై ఒకటే తేలాయి. ఇరవై రెండోదాన్ని దారిలో బురద మింగేసింది.

తరువాత వాతావరణం పలక. గోడకి ఒక మేకు, దానికి తగిలించడానికి మూడు అట్టబొమ్మలు: వాన, మబ్బు, సూర్యుడు. వాన బొమ్మ చేతులు మారీ మారీ అంచులు చీలిపోయింది. సూర్యుడి బొమ్మ మాత్రం కొన్ననాటి లాగే నిగనిగలాడుతోంది. బడి కొండ కింద చిత్తడి నేలలో, మొద్దుల మీద నిలబెట్టిన చెక్క గది. చలికాలమంతా కొండ నీడ దాని మీదే. గోడలు చెమ్మ కారుస్తుంటాయి.

ఇర్మాకి దిగులు కూడా ఆ గోడల గురించే. శుక్రవారం పదింటికి పడవ మీద ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. బడి చీకటిగా, చెమ్మగా ఉందని పోయినేడాది ఒక ఉత్తరం వచ్చింది. ఈసారి చూసి, ఉంచడమో మూయడమో తేలుస్తారట. మూస్తే ఈ పదకొండు మందీ రోజూ పడవెక్కి, సముద్రపు పాయ దాటి పట్నం బడికి పోవాలి. ఆరేళ్ల పిల్లలు, ఆ అలల్లో, ఈ చలిలో! అది తలుచుకుంటే ఇర్మాకి ముద్ద దిగడం లేదు. అందుకే ఒక ఉపాయం ఆలోచించింది. శుక్రవారం గది వెచ్చగా ఉండాలి, మేజోళ్లు పొడిగా ఉండాలి, ఆయన ముచ్చటపడేలా ఒక్క పాఠం ఉండాలి.

పాఠం ఏమిటంటే ఇల్లు లాగడం. మా దీవిలో ఇల్లు చోటు మారాలంటే దాన్ని విప్పి మళ్లీ కట్టరు. దుంగల మీదికి ఎత్తి ఎడ్లతో లాగుతారు. ఇంటివాళ్లు గడపగడపకీ వెళ్లి, టోపీ తీసి, పద్ధతిగా అడుగుతారు. కూలి ఉండదు, కడుపునిండా తిండి ఉంటుంది. అలా అడిగించుకున్నవాడు కాదనడు. అడిగినవాడు మాట వెనక్కి తీసుకోడు.

ఇర్మా చెప్పుల పెట్టెతో బడి చేయించింది. ఉన్నితో ఎడ్లు చేశారు, స్వెటర్ దారంతో మోకులు పేనారు.

"శుక్రవారం బడి లాగి ఇన్‌స్పెక్టర్ గారికి చూపిద్దాం. ఎక్కడికి లాగుదాం?" అని అడిగింది.

"కిటికీ దగ్గరికి, అత్తా! ఎండొస్తే అక్కడికే వస్తది" అంది మెంచా. మా దీవి పిల్లలకి టీచరంటే అత్తే. తడిగోడ పక్క బెంచీ ఆ పిల్లదే. ఆరేళ్లు. చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

అడిగే మాటలు అందరికీ కంఠతా వచ్చాక ఇర్మా హోంవర్క్ ఇచ్చింది. "పెద్దవాళ్ల దగ్గరికెళ్లి ఈ మాటలు అప్పజెప్పండి. వాళ్లేమన్నారో బొమ్మ గీసుకుని రండి."

"ఒక్కళ్లకే చెప్పాలా అత్తా?" అంది మెంచా.

"ఎంతమందికి చెబితే అంత బాగా నోటికొస్తుంది తల్లీ" అంది ఇర్మా. ఆ వారం జరిగిందంతా ఈ ఒక్క మాటలోంచే పుట్టింది.

మెంచా ఇంటికి వెళ్లే దారిలో మొదటి గడప బౌదిలియో తాతది. ఆయన వాకిట్లో కూర్చుని కాడి తోలు బిగిస్తున్నాడు. మెంచా ఉన్ని టోపీ తీసి గుండెకి ఆనించుకుంది.

"బౌదిలియో తాతా, మా బడివాళ్లందరి తరఫునా అడగడానికొచ్చాను. శుక్రవారం పొద్దున బడి లాగాలి. మీరూ మీ ఎడ్లూ వచ్చి చెయ్యేస్తే మీ మేలు మరిచిపోం."

పెద్దాయన చేతిలో తోలు అలాగే ఆగిపోయింది. "ఎవరు పంపారే నిన్ను?"

"ఇర్మా అత్త."

"ఎక్కడికి లాగాలంట?"

"ఎండ పడే చోటికి."

ఒక్క ముక్క అబద్ధం లేదు. బౌదిలియో లేచి నిలబడ్డాడు. జవాబు పద్ధతిగా చెప్పాలంటే టోపీ తీయాలి, ఆ సమయానికి నెత్తి మీద టోపీ లేదు. లోపలికి వెళ్లి పెట్టుకుని వచ్చి, మెంచా ముందు తీశాడు.

"వస్తానని చెప్పు మీ అత్తకి. ఎడ్లు కూడా వస్తాయని చెప్పు."

మెంచా మరో ఆరు గడపలు తిరిగింది. మంగళవారం మధ్యాహ్నానికి సంగతి ఊరంతా పాకింది. మెంచా వెళ్లని ఇళ్లవాళ్లు మూతులు ముడిచారు. "అందర్నీ అడిగి మమ్మల్నే వదిలేస్తారా? మా ఎడ్లకి కాళ్లు లేవా?" అని వాళ్లంతట వాళ్లే కాళ్లున్న ఎడ్లను సిద్ధం చేసుకున్నారు.

బడిలో పది మంది పిల్లలు తలో బొమ్మ తెచ్చారు. మెంచా ఏడు తెచ్చింది. మొదటి కాగితం మీద చేతిలో టోపీ పట్టుకున్న ముసలాయన, పక్కన రెండు ఎడ్లు, పైన తల కంటే పెద్ద సూర్యుడు.

"ఏమన్నాడమ్మా తాత?"

"వస్తానన్నాడు."

"అబ్బ, ఎంత బాగా గీశావో!" అని ఇర్మా ఏడు కాగితాల మీదా ఏడు నక్షత్రాలు అంటించింది.

బుధవారం బడి వంటమనిషి ఒటీలియా ఏప్రానుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "శుక్రవారం ఎంతమందొస్తారు టీచరమ్మా?"

"ఒక్కరే పిన్నీ, ఆ పెద్దమనిషి. ఇంక మనవాళ్లు."

"ఆహా. అయితే మూడు బస్తాల బంగాళాదుంపలు తురుముతాం. మా చెల్లెళ్లని కూడా పిలుస్తా."

"మూడు బస్తాలా! దేనికి పిన్నీ?"

"అదేంటమ్మా, అంత పని చేసి ఆకలితో ఉంటారా? మిల్కావ్‌లు వేడివేడిగా తగలాలి కడుపులో."

మిల్కావ్ అంటే దుంపల తురుముతో చేసే రొట్టె. ఒకటి తింటే సాయంత్రం దాకా మరో ఆలోచన రాదు. ఇన్‌స్పెక్టర్ ఎంత తిండిపోతో ఊరందరికీ తెలిసి తనకే తెలియలేదనుకుంది ఇర్మా.

గురువారం మధ్యాహ్నం బౌదిలియో తాత వచ్చి, బడి చుట్టూ అడుగులతో కొలిచి, బోర్లా పడుకుని కిందికి దూరాడు. ఇర్మాకి ప్రాణం లేచి వచ్చింది. కారుతున్న కప్పు బాగుచేయించండని మార్చి నెల నుంచి తల్లిదండ్రుల సంఘం వెంట పడుతోంది పాపం, ఇప్పటికి వాళ్లు తాతని పంపారనుకుంది.

"దూలాలు గట్టివే. ఉత్తరం మూలది కాస్త పుచ్చింది, కానీ ఓర్చుకుంటది" అన్నాడు తాత, గడ్డం నిండా బురదతో బయటికి వస్తూ.

"చూశారా, నేను చెప్తూనే ఉన్నా!"

"కిటికీలు తీసెయ్యాలి."

"తియ్యండి తాతా. అన్నీ కారుతున్నాయి. మీకెప్పుడు వీలైతే అప్పుడే."

"రేపు పొయ్యి చల్లారబెడతావుగా?"

"అయ్యో, రేపా? రేపు పొయ్యి భగభగా మండాలి! ఇన్‌స్పెక్టర్ గారొస్తున్నారు. పిల్లలు వణుకుతూ కనబడితే నా బడి పోయినట్టే."

బౌదిలియో ఆమెను పాదాల నుంచి జుట్టు దాకా ఒకసారి చూశాడు. అరవై ఏళ్లలో ఎన్నో ఇళ్లు లాగాడు గానీ, లోపల నిప్పుంచి లాగమన్న మనిషిని ఇంతవరకూ చూడలేదు.

"ఇన్‌స్పెక్టర్ని కూడా పిలిచావా? నీ గుండె గట్టిదేనమ్మా" అని టోపీ తీసి దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఏడింటికి ఇర్మా అగ్గిపెట్టె చేత పట్టుకుని మలుపు తిరిగింది. తిరిగి, అక్కడే నిలబడిపోయింది.

బడి కిటికీలు నాలుగూ దుప్పట్లు చుట్టుకుని కంచెకి ఆనుకుని ఉన్నాయి. తొమ్మిది జతల ఎడ్లు ముక్కుల్లోంచి ఆవిర్లు వదులుతున్నాయి. ఆడవాళ్లు మంటల చుట్టూ చేరి దుంపలు పిండుతున్నారు. ఎవరో అకార్డియన్ శృతి చూసుకుంటున్నారు. మగవాళ్లు గుంజలు దూర్చి బడిని ఒక పక్కకి ఎత్తారు, కిందికి దుంగలు దొర్లుతున్నాయి. పొగగొట్టం మాత్రం ఆమె కోరినట్టే పొగలు కక్కుతోంది. తాత తెల్లవారకముందే వచ్చి పొయ్యి రాజేశాడు.

"ఏం చేస్తున్నారు మీరంతా!"

"లాగుతున్నాం."

"దేన్ని?"

"దేన్నేంటి టీచరమ్మా, నువ్వు లాగమన్నదాన్నే!"

"నేనెప్పుడు లాగమన్నాను?"

అందరూ మెంచా వైపు తిరిగారు. మెంచా టోపీ తీసింది. "ఏడిళ్లలో చెప్పానత్తా. ఒక్క మాట కూడా మర్చిపోలా."

ఇర్మాకి అప్పుడు కళ్ల ముందు ఏడు కాగితాలూ ఏడు నక్షత్రాలూ వరసగా కదిలాయి. హోంవర్కండీ, ఉత్తి హోంవర్కు, అనబోయింది. ఒటీలియా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగమ్మా. బౌదిలియోని చూడు. ఎడ్లు ముసలివయ్యాయి, ఆయనా ముసలాడయ్యాడని నాలుగేళ్లుగా ఆయన్నెవరూ అడగలేదు. ఇళ్లు లాగిన రోజుల్లో తలుపేసుకుని కూర్చునేవాడు. నిన్న సాయంత్రం ఒడ్డెంట పాట పాడుకుంటూ పోతుంటే నా చెవులతో నేను విన్నా."

తాత టోపీకి కొత్త రిబ్బను ఉంది. ముసలి ఎడ్ల కొమ్ములకి ఎర్ర ఉన్ని కట్టి ఉంది. ఇర్మా సముద్రం వైపు చూసింది. పదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వచ్చేసరికి బడి దారి మధ్యన ఉంటే మూసేయడానికి ఆయనకి వేరే కారణం అక్కర్లేదు. అలాగని ఇంతమందిని వెనక్కి పంపితే, రేపట్నుంచి తను ఈ పిల్లలకి నేర్పే మర్యాద ఏముంటుంది?

"పదింటికల్లా అయిపోతుందా తాతా?"

"తొమ్మిదిన్నరకే. మోకులు దయతలిస్తే."

"ఇంతకీ ఎక్కడికి?"

"ఎండ పడే చోటికన్నావుగా. చలికాలం ఈ ఊళ్లో ఎండ పడేది నా దుంపల మడిలోనే. పంట తీసేశాలే" అన్నాడు తాత, కూర్చోవడానికి ముక్కాలిపీట ఇస్తున్నంత తేలిగ్గా.

ఇర్మా అగ్గిపెట్టె జేబులో వేసుకుని మోకు పట్టుకుంది.

మోకులు దయతలచలేదు. తొమ్మిదిన్నరకి సరిగ్గా, దారికి అడ్డొచ్చిన వాగు మధ్యలో ఒకటి పుటుక్కున తెగింది. బడి ముక్కు నీళ్లలో ఆనించి, పొగ వదులుతూ, అలిగిన ఓడలా కూర్చుంది. ముడి వేసేసరికి పదిన్నర. ఎడ్లు తలో వైపు గుంజుతున్నాయి. "కలిసి లాగాలి, కలిసి!" అని తాత గొంతు చించుకుంటున్నాడు. అప్పుడు పిల్లలు గట్టున వరసగా నిలబడి మేజోళ్ల లెక్క అందుకున్నారు. "రెండు! నాలుగు! ఆరు! ఎనిమిది!" ఎనిమిదికల్లా మనుషులూ ఎడ్లూ ఒక్కసారే గుంజారు. బడి ఒక జానెడు కదిలింది.

ఆ సమయానికే ఇన్‌స్పెక్టర్ ఉల్లోవా గారు పాత చోటికి వెళ్లి, వరసగా ఉన్న మొద్దులనీ, కాళ్లు తుడుచుకునే పట్టానీ చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, దుంగల జాడ పట్టుకుని వాగు దగ్గరికి వచ్చారు.

"ఏయ్ సంచీ బాబూ! చూస్తా నిలబడ్డావేంటి? మోకు పట్టు!" అని ఒటీలియా చెల్లెలు కేకేసింది. ఆ గొంతుకి కాదనడం ఎవరి తరమూ కాదు. ఆయన తోలు సంచీ మెడలో వేసుకుని, ఇర్మా వెనకాలే మోకు పట్టుకున్నారు. ఎనిమిది అనగానే కళ్లజోడు జారి బురదలో పడింది. తీసి ఇవ్వబోతూ ఇర్మా ఆయన ముఖం చూసి ఇన్‌స్పెక్టరని పోల్చుకుంది. తనను కూడా ఆ బురదే మింగేస్తే బాగుండుననుకుంది.

పన్నెండింటికి బడి దుంపల మడిలో కుదురుకుంది. కిటికీలు బిగించారు. ఉల్లోవా గారు పొయ్యి పక్కన మేజోళ్లు ఆరేసుకుని మూడు మిల్కావ్‌లు తిన్నారు. తరువాత సంచీలోంచి తడిసిన కాగితం ఒకటి తీశారు.

"మీకు చెప్పాల్సిందే టీచర్ గారూ. నేను చూడటానికి రాలేదు. నిర్ణయం పోయిన నెలలోనే అయిపోయింది. ఇది ఇచ్చి పోవడమే నా పని."

గదిలో అకార్డియన్ ఆగిపోయింది. ఆయన చదివారు. "కొండ కింద, చిత్తడి నేలలో, ఎండ సోకని చోట ఉన్న బడి నేటి నుంచి మూసివేయడమైనది."

అంటే వెచ్చటి గదీ, పొడి మేజోళ్లూ, చెప్పుల పెట్టె బడీ ఏవీ అక్కరకి వచ్చేవి కావు. ఇర్మా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. బౌదిలియో తాత టోపీ నలుపుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మబ్బు కాస్త విడింది. కిటికీలోంచి ఎండ చారెడు వచ్చి నేల మీద పడింది. మెంచా లేచి, గోడకున్న వాన బొమ్మ తీసి, నిగనిగలాడే సూర్యుణ్ణి మేకుకి తగిలించి, వచ్చి తన బెంచీలో కూర్చుంది. ఉల్లోవా గారు ఆ బొమ్మను చూశారు. కాగితం చూశారు. కిటికీలోంచి దూరంగా కొండ కింది మొద్దులను చూశారు. కలం తీసి, కాగితం అడుగున రాస్తూ పైకి చదివారు.

"చెప్పిన చోటికి స్వయంగా వెళ్లి చూశాను. అక్కడ మూయడానికి బడి లేదు." కలం మూత పెట్టారు. "ఇందులో అబద్ధమేమైనా ఉందా?"

"ఒక్క ముక్క లేదు సారూ" అంది ఒటీలియా, నాలుగో మిల్కావ్ ఆయన పళ్లెంలో వేస్తూ.

బౌదిలియో తాతని ఆ చలికాలంలోనే ఇంకో రెండిళ్లవాళ్లు అడిగారు. ఇద్దరికీ ఆయన లోపలికి వెళ్లి టోపీ పెట్టుకుని వచ్చి జవాబు చెప్పాడు.

సోమవారం ఇర్మా టీచరు పిల్లలకి ఒక బంగాళాదుంప బొమ్మ గీసుకురమ్మని హోంవర్క్ ఇచ్చి, మెంచాని మాత్రం దగ్గరికి పిలిచి, ఎవరినీ ఏమీ అడగొద్దని చెప్పింది.